కాటన్‌పేట ఇల్లు మనకే ఉంది

కాటన్‌పేట, 12-8-1998

తమ్ముడు నంజుండప్పకు అక్క దీవెనలు. కార్డు చూసి గాభరా పడకు, మంచి సంగతే.

మన వీధి ఇళ్ళు బలవంతంగా కొని షాపులు కట్టే కంపెనీకి ఇస్తామని సర్కారు నోటీసు వస్తే తకరారు అర్జీ పెట్టాను కదా. దానికి జవాబు రిజిస్టరు పోస్టులో వచ్చింది. సంతకం పెడితే ఇల్లు రాసిచ్చినట్టేనని భయపడి, పోస్టుమాన్ రెండుసార్లు వచ్చినా వంటింట్లో దాక్కుని, ఊళ్ళో లేనని పక్కింటి సరోజమ్మ చేత చెప్పించాను. నిన్న అతను కిటికీ దగ్గర నిలబడి, "అవ్వా, పోపు వాసన వీధి దాకా వస్తా ఉండాది. ఊళ్ళో లేని మనిషి చారు కాస్తాదా? ఈ సంతకం కవరుకే, ఇంటికి కాదు. ఈ పొద్దు తీసుకోకుంటే వాపసు పోతాది" అన్నాడు. అప్పుడు తలుపు తీసి సంతకం పెట్టాను. ఇంటివాళ్ళు ఒప్పుకోనిదే తీసుకునేది లేదని, నోటీసు రద్దయిందని అందులో ఉంది. సరోజమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను.

మరదలి మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? నీ దగ్గర దాచమన్న ఇంటి పత్రాల పెట్టె ఇంకా కొన్నాళ్ళు అక్కడే ఉండనీ, ఎవరికీ చూపించకు. దాంతో పంపిన మీ బావ ఫోటో మాత్రం తీసుకురా. బస్సు పైన వేయకు, అద్దం పగులుతుంది, ఒళ్ళో పెట్టుకో. ఆయన కట్టిన ఇంట్లోనే ఆయన ఉండాలి.

పిల్లలు చల్లగా ఉండాలి.

అక్క లక్ష్మీదేవమ్మ