బండిని తెనాలిదాకా పోనివ్వమని

పెదకాల్వ హాల్టు,
బుధవారం.

పాతబండి వారసత్వ ప్రాజెక్టు ప్రత్యేకాధికారి గారి దివ్యసముఖమునకు, బాపట్ల.

విషయం: వారసత్వ ప్రదర్శన బండి మా హాల్టునుంచి నాలుగు కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి వచ్చేస్తున్నందున, దానిని సోమ, బుధ, శుక్రవారాలలోనైనా తెనాలి వరకు నడిపించుట గురించి.

అయ్యా,

పెదకాల్వ ఉన్నత పాఠశాలలో ముప్పైనాలుగేళ్ళు తెలుగు చెప్పి విరమించిన శేషగిరి అను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. తెనాలి–రేపల్లె లైనులోని మా హాల్టును వారసత్వ కట్టడంగా ప్రకటించి, తద్ద్వారా ఈ ప్రాంతాన్ని పునరుజ్జీవింపజేయాలని మూడేళ్ళ క్రితం తమ కార్యాలయానికి అందిన అర్జీ నేను రాసినదే. నూట పన్నెండు సంతకాలూ ఇల్లిల్లూ తిరిగి నేనే పెట్టించాను. కనుక ఈ క్రింద రాయబోవు నేరాలన్నింటిలో మొదటి ముద్దాయిని నేనే.

2. ప్రాంతం పునరుజ్జీవించినది. కప్పుకు కొత్త పెంకులు, గోడకు రంగులు వచ్చినవి. ఆ గోడమీద మూటలతో, చంటిబిడ్డలతో నలభైమంది ప్రయాణికుల బొమ్మలు వేశారు. సూర్యలంకలో స్నానాలు చేసినవారు బస్సుల్లో వచ్చి ఆ బొమ్మల పక్కన ఫొటోలు దిగుతున్నారు. ప్రదర్శన బండికి అడ్డమని, దానిని నడిపే వారసత్వ కమిటీవారు సిఫారసు చేయగా ఉదయం పాసింజరు మాత్రం ఇక్కడ ఆగడం మానేసింది. సుందరీకరణ పేరిట కాలవరోడ్డు తవ్విపోసినందున ఆటోలూ రావడం లేదు.

3. నా భార్య మీనాక్షికి మూత్రపిండాలు రెండూ పనిచేయవు. వారానికి మూడుసార్లు తెనాలిలో డయాలసిస్ జరగవలెను. పాసింజరు ఆగినన్నాళ్ళూ జరిగినది. ఇప్పుడు పక్కింటి అనుదీప్ స్కూటరుమీద, మా ఇద్దరి మధ్య ఆవిడను తువ్వాలుతో కట్టి తీసుకువెళ్తున్నాం. వారానికి రెండుసార్లే కుదురుతోంది. పోయినవారం ఒక్కసారే.

4. కమిటీ కార్యదర్శి విజయసారథి గారు మా గోడు విని జాలిపడ్డారు. ప్రదర్శన బండిలో “రైలు నిలిపిన ప్రాణం” అనే ఘట్టం ఉంది. వెనకటి రోజుల్లో ఒక రోగిని రైల్లో తెనాలి ఆస్పత్రికి చేర్చి బతికించినట్టు ఆడతారు. “అమ్మగారిని ఆ వేషానికి తీసుకుంటామండి. మేకప్పు కూడా అక్కర్లేదు” అన్నారు. మాకు బండి ఎక్కడమే కావాలి గనుక, అది తెనాలిదాకా పోతుందనుకుని ఒప్పుకున్నాం. ఆస్పత్రిలో కాళ్ళావేళ్ళా పడి ఆవిడ వంతును పదిగంటలకు మార్పించాను. మొదటిరోజు ఫైలూ, దుప్పటీ, ఇడ్లీ డబ్బా పట్టుకుని ఎక్కాం. ఆవిరింజనులా కనబడాలని రేకులు తొడిగిన డీజిలింజను, పొగమిషనుతో ఆవిడను దగ్గిస్తూ నాలుగు కిలోమీటర్లు పోయి చేలమధ్య ఆగినది. గార్డు వేషంలో ఉన్నవాడు “తెనాలి! తెనాలి!” అని అరిచాడు. తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి మీనాక్షి నాడి చూసి “బతికింది!” అన్నది. జనం చప్పట్లు కొట్టారు. బండి వెనక్కి వచ్చేసింది.

“ఏంటండీ, తెనాలి రాలేదే?” అని మీనాక్షి నన్నడిగింది. ముప్పైనాలుగేళ్ళు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినవాడిని, ఇడ్లీ డబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టాను.

5. నెలరోజులు వేషం కడితే పాసింజరును తిరిగి ఆపమని పైకి రాస్తామని విజయసారథి గారు మాట ఇచ్చారు. అందువలన మీనాక్షి ఇప్పటికి పదకొండుసార్లు తెనాలి చేరి, పదకొండుసార్లు బతికినది. వేషం విప్పాక స్కూటరు దొరికితే ఆస్పత్రికి, దొరకకపోతే ఇంటికి. కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకుతున్నది. అయ్యా, నాకు కోపంగా ఉంది. తమమీద, కమిటీమీద, అందరికంటే ఎక్కువగా ఆ మొదటి అర్జీని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన నామీద.

కావున, పట్టాలు తెనాలిదాకా ఇప్పటికే వేసి ఉన్నవి గనుక, కొత్తగా ఏమీ కట్టనవసరం లేకుండా, మిగిలిన పద్దెనిమిది కిలోమీటర్లు కూడా బండిని పోనివ్వవలసినదిగా ప్రార్థన.

తమకు ఫొటోలు దిగడం నుంచి తీరిక చిక్కిన రోజున చిత్తగించవలెను.

ఇప్పటికీ తమ విధేయుడు,
శేషగిరి,
తెలుగు పండితుడు (విశ్రాంత)

తా.క.: కవరు అంటించబోతుండగా విజయసారథి వచ్చాడు. “మాస్టారూ, ఇవాళ్టినుంచి అమ్మగారు రానక్కర్లేదండి. ఆవిడ నిజంగానే ఆయాసపడుతుంటే పిల్లలు జడుసుకుంటున్నారు. గుంటూరునుంచి శ్రీజ అని ఓ అమ్మాయిని పెట్టుకున్నాం. చక్కగా లేచి కూర్చుంటుంది” అన్నాడు. మరి పాసింజరు సంగతేంటని అడిగాను. “నెల పూర్తవలేదు కదండీ” అన్నాడు.

అనుదీప్ స్కూటరు వేసుకుని రేపల్లె వెళ్ళాడు. ఆస్పత్రినుంచి నర్సు నీరజ రెండుసార్లు ఫోను చేసింది. “పెద్దమ్మా, మీ మంచం ఖాళీగా ఉంచాను. ఎక్కడిదాకా వచ్చారు?” అని.

మీనాక్షి గోడకు ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని, “బయల్దేరామమ్మా, బండిలోనే ఉన్నాం” అని చెప్పింది.