రెడ్డెప్ప లారీకి కొత్త బ్రేకులు

మంగళవారం రాత్రి, మదనపల్లె

కుప్పంలో పాత లారీలు విప్పే షెడ్డులో ఆ వెనక యాక్సిల్‌ని ముందు చూసింది నేను. బ్రేకులతో సహా చవగ్గా వస్తుందని తోడల్లుడు రెడ్డెప్పకు చెప్పిందీ నేనే. నా లారీకి తీసుకుందామని నేను రేపు మాపు అంటూ ఉండగానే వాడు కొనేసి తన ముసలి లారీకి బిగించుకున్నాడు.

ఈ రోజు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పుంగనూరు దాకా తీసుకెళ్లాడు. రోడ్డు దిగుడులో బ్రేకు ఒక్కసారి నొక్కాడు. బండి బుద్ధిగా ఆగింది. నా కుడికాలు మాత్రం అంతకు చాలా ముందు నుంచే కింది రేకును తొక్కుతోంది. బ్రేకులు ఆలస్యంగా పడే నా లారీ నేర్పిన అలవాటు.

"ఎట్లుండాది అన్నా?" అన్నాడు నవ్వుతూ.

నా కడుపు మండిపోయింది. "వెనక ఏందో సద్దు వస్తాండాది" అన్నాను. ఏ సద్దూ లేదు.

రెడ్డెప్ప నవ్వు ఆగిపోయింది. "నువ్వు చెప్తే ఉంటాది. రేపు విప్పించి సూస్తా. రేపటి నా టమోటా లోడు నీ బండిలో ఎత్తుకపో అన్నా. మొగిలి ఘాట్ దిగాల, జాగ్రత్త."

సరేనన్నాను. నా బ్రేకుల సంగతి ఇంటికొచ్చాకే గుర్తొచ్చింది.

మంచం అంచున కూర్చుని రాస్తున్నాను. కుడికాలు ఇంకా నేలను తొక్కుతూనే ఉంది.