రెండు దెబ్బల జవాబు

చెల్లెమ్మకు,

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, మీ అన్నయ్య మీసం తీయించేశాడు. నవ్వుకో.

ఇంటికెందుకు రావడం లేదని అడిగావు. ఎత్తు వంతెన మీద పట్టాలు కలిపి బోల్టులు బిగించాక, నేను సుత్తితో ఒక దెబ్బ వేస్తే అవతలి చివర నుంచి బావ రెండు వేసేవాడు, 'గట్టిగానే ఉందిలే బావా' అన్నట్టు. ఆయన పోయి ఏడాదైంది. ఇప్పటికీ నేను ఒకటి కొడితే అటు నుంచి రెండు వినిపిస్తున్నాయి. అక్కడ ఎవరూ ఉండరు.

పడకుండా కట్టుకునే నడుం తాడు తెగి వంతెన మీంచి పడ్డాడన్నాను. ఆ తాడు నేసినవాళ్లను నువ్వు ఇంకా తిట్టిపోస్తూనే ఉన్నావు. వాళ్లననకు తల్లీ. తెగడమన్నది నేనల్లిన కథ. ఆటపట్టిద్దామని ఆ పూట తాడు దాచింది నేనే. ఆయన వెతికి వెతికి, నన్ను తిడుతూ, నవ్వుతూ ఉత్త నడుంతోనే ఎక్కాడు. ఆ తాడు ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. ఒక్క పోగు కూడా తెగలేదు.

అన్నయ్య