తట్టి చూసి తీసుకున్న బొమ్మ

ఖాజా భాయ్, సలాం.

నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్న నీ బర్సీ కూడా అయింది. ఫాతెహా చదివారు, బిర్యానీ పెట్టారు. నీతో బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లు వచ్చారు, తిన్నారు, చేతులు కడుక్కొని పోయారు. నీ గురించి ఒక్కడూ ఒక్క మాట అనలేదు. బిర్యానీలో ఉప్పు గురించి మాత్రం మస్తు మాట్లాడారు.

నేను ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు ఇంకా చేతిలో ఉన్నాయి. నాలుగు వరుసలు రాసేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, అంతే. అయినా నీకు తెలుగు చదవడం రాదు కదా... అక్కడ చదివినవాడు ఎవడన్నా దొరికితే చదివించుకో. దొరక్కపోతే ఇంకా మంచిది. ఇందులో నిన్ను తిట్టేది చాలా ఉంది.

నీ బొమ్మల దుకాణం లేదిప్పుడు. శ్రీరాంపూర్‌లో బస్సులు ఆగే చోట, అదే గదిలో, నీ కొడుకు నజీర్ ఫోన్లకు తొడిగే కవర్లు అమ్ముతున్నాడు. వాడిని తప్పు పట్టను. బొమ్మలతో ఇల్లు నడవదని నువ్వే అనేవాడివి. కానీ నీ అద్దాల బీరువా ఉన్న గోడకు మేకులు కొట్టి కవర్లు వేలాడదీశాడు. చూస్తే తోళ్లు ఒలిచి ఆరేసినట్టు ఉంటుంది. నేను అటు పోవడం మానేశాను. బస్సు ఎక్కాలంటే ముందు స్టాపు దాకా నడుస్తున్నాను.

ఆ బీరువాలోవి అమ్మకానికి కాదని ఎంతమంది పిల్లలను ఏడిపించి పంపావు! జానెడు పొడుగు వీరులు. వీపున ఎర్ర దుప్పటి కట్టుకున్నవాడు, రెక్కలవాడు, ఒళ్లంతా ఇనుపరేకు తొడిగినవాడు, నల్ల ముసుగువాడు... వాళ్ల అసలు పేర్లు నాకు నోరు తిరగలేదు. నీకు మాత్రం తిరిగాయా? మనం పెట్టిన పేర్లతోనే పిలిచాం.

సర్వీసు అయిపోయిన ముసలోళ్లం ఇద్దరం పొద్దంతా ఆ బొమ్మల మీదే కొట్లాడుకున్నాం. ఏది పనితనం, ఏది చెత్త అని.

నేను ఏదున్నా బాయి లెక్కనే చూసేవాడిని. ఇంకోలా చూడడం నాకు రాదు. దుప్పటివాడు బాయిలో దిగితే మొదటి దినమే ఆ దుప్పటి బొగ్గు మోసే బెల్టులో ఇరుక్కుని పోతాడు అన్నాను. ముసుగువాడికి కండ్ల దగ్గర రెండు చీలికలే, నెత్తి మీద దీపం లేదు, చీకట్లో ఎవడిని కాపాడుతాడు అన్నాను. రెక్కలవాడికి ఛాతీ బండంత, పాదాలు కోడి పాదాలంత. నిలబెడితే ముందుకు పడతాడు, గోడకు ఆనించాలి. లోకాన్ని కాపాడేవాడు తానే గోడకు ఆనుకుంటే ఎట్లా?

నువ్వేమో చాయ్ ఊదుకుంటూ అనేవాడివి: "వీళ్లను బాయిలకు ఎందుకు దింపుతున్నవ్ యార్? ఆకాశంల తిరిగేటోళ్లు. వీళ్లకు నువ్వు హాజరు ఎయ్యకు."

నీ చూపు కీళ్ల మీద ఉండేది. మోకాలు మడిచి, మోచేయి తిప్పి, మెడ వంచి చూసేవాడివి. "మంచి బొమ్మ అంటే ఎట్ల కూసోవెడితే గట్ల కూసోవాలె పోశన్నా. మన అల్లుండ్ల లెక్క కావద్దు." ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడివి. కొత్త చెప్పుల వాసన కొడితే పక్కన పడేసేవాడివి. చంక కింద అతుకు గీత వేలికి తగిలినా, కంటి నలుపు రెప్ప దాటి కిందికి కారినా, "నకలు" అని ఒకటే మాట.

నాది ఒకటే పరీక్ష. గోరుతో తట్టడం.

ఎందుకో నీకు చెప్పాలా? బాయిలో పని మొదలుపెట్టే ముందు సబ్బలితో పైకప్పును తట్టేవాడిని నేనే కదా. గట్టి కప్పు ఒక తీరు పలుకుతుంది, లోపల విడిపోయిన కప్పు ఇంకో తీరు... ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు. కప్పు కూలిన ఆ రోజు కూడా ముందు అట్లే పలికింది. నేను అందరినీ వెనక్కు రమ్మంటే మన గ్యాంగులో సగం మంది నవ్వారు. నువ్వు నవ్వలేదు. పార కింద పడేసి నా వెనక వచ్చావు. నవ్వినవాళ్లూ సణుక్కుంటూ వచ్చారు. ఆ తర్వాత కూలిన మట్టిని మనం అందరం బయట నిలబడి చూశాం.

అప్పటి నుంచి నీది ఒకటే పాట. ఎవడు దుకాణానికి వచ్చినా చెప్పేవాడివి: "గీయన చెవి మీద నా ఇల్లు నిలవడ్డది. గీయన చెవి తప్పు చెప్పదు."

నేను తట్టి ఈ బొమ్మ డొల్ల అంటే డొల్లే. ఇది గట్టి అంటే గట్టే. నువ్వు తల ఊపేవాడివి. ఒక్క రెక్కలవాడి దగ్గర మాత్రం, వాడిది డబ్బా చప్పుడు, పనికిరాని సరుకు అని నేను అన్న దినం, నువ్వు తల ఊపకుండా వాడిని మళ్లీ బీరువాలో పెట్టావు. చాయ్‌కి చెప్పావు. ఇప్పుడు గుర్తొస్తోంది అది... అప్పుడు ఎందుకు పట్టించుకోలేదు నేను?

మంచం పట్టినప్పుడు నన్ను దగ్గరికి పిలిచి నువ్వు చెప్పిన మాట కూడా రాస్తాను, మరిచిపోయి ఉంటావేమో. ఊపిరి అందక మధ్యమధ్యన ఆగుతూ చెప్పావు: "నేను పోయినంక గా బీరువల అసలు సరుకు ఒక్కటి నీది. నజీర్‌కు చెప్పిన. ఏది తీసుకోవాల్నో ఎవ్వల్ని అడగకు. నీ చెవిని అడుగు."

నేను అడిగానా? నోరు తెరిచి నిన్ను ఒక్క బొమ్మ అడిగానా ఏనాడైనా?

బీరువా ఖాళీ చేసే దినం నజీర్ ఫోన్ చేశాడు. మాట నిలబెట్టుకున్నాడు వాడు, అది ఒప్పుకోవాలి. అప్పటికే కరీంనగర్ నుంచి కొనేవాడు వచ్చి కూర్చున్నాడు. ఇట్లాంటి బొమ్మలు కూడబెట్టడమే వాడి పిచ్చి అట. నన్ను ముందు తీసుకోనిచ్చారు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని వరుసగా తట్టాను. దుప్పటివాడు డబ్బా. ఇనుపరేకువాడు డబ్బా. రెక్కలవాడు సరేసరి. నల్ల ముసుగువాడిని తట్టగానే టక్కుమంది. చేతిలోకి తీసుకుంటే బరువు. బరువంటే బరువు... లోపల ఒక మనిషి ఉన్నంత. అసలు సరుకు ఇదే అని గట్టిగానే చెప్పాను. కొనేవాడు వినాలనే చెప్పాను.

వాడు నవ్వాడు ఖాజా. పెద్దగా కాదు, పెదవుల మీద. పెద్దగా నవ్వితే బాగుండేది, నాలుగు తగిలించేవాడిని.

నా చేతిలోది తీసుకుని చూపించాడు. కంటి నలుపు రెప్ప దాటింది. చంక కింద అతుకు గీత ఉంది. అన్నీ నువ్వు చెప్పే గుర్తులే! పాదం కింద కంపెనీ ముద్ర లేదు. ఇది నకలు అన్నాడు. బీరువా మొత్తంలో అసలుది రెక్కలవాడు ఒక్కడే అట. అసలు సరుకుల్లో ఇట్లా లోపల ఖాళీగా పోసేవీ ఉంటాయట. ఒక్కో వేలూ మడిచి చూపించాడు, మడిచిన చోట ఆగింది. రెక్కలవాడు ముందుకు పడేది పాదాలు చిన్నవై కాదట. పాదం కింద రంధ్రం ఉంది, దానికి గుచ్చి నిలబెట్టే పీట ఒకటి రావాలట, అది ఎక్కడో పోయిందట.

నజీర్ మార్చుకోమన్నాడు. పెదనాయనా, రెక్కలవాడినే తీసుకో, బాపు మాట అదే కదా అన్నాడు. నేను వద్దన్నాను. నేను తట్టి తీసుకున్నది నేను తిరిగి ఇవ్వను అని చెప్పి ముసుగువాడిని తువ్వాలలో చుట్టుకుని వచ్చేశాను. కొనేవాడు రెక్కలవాడిని డబ్బాలో పెట్టి కరీంనగర్ తీసుకుపోయాడు.

దసరాకు మా నస్పూర్ ఇంటికి సున్నం వేయిస్తుంటే కోడలి చేతిలోంచి ముసుగువాడు జారి పడ్డాడు. భుజం ఊడింది.

లోపలి నుంచి ఇసుక కారింది.

నేల మీద కుప్ప అయిన ఆ ఇసుకను వేళ్లతో పట్టుకుని చూశాను. గోదావరి ఇసుక. ఆ మెరుపు నాకు తెలియదా? బొగ్గు తీసిన జాగలోకి పైపుల్లో నీళ్లతో ఆ ఇసుకే పంపేవారు. తర్వాత దాన్ని నింపే గ్యాంగు నీదే కదా. నీకు అదొక నమాజు. "జాగ ఖాళీ ఉంచొద్దు. ఖాళీ ఉంచితే పైన ఊరు కుంగుతది" అని కొత్తగా వచ్చినవాళ్లను తిట్టి నింపించేవాడివి.

బొమ్మ వీపు తిప్పి చూశాను. భుజం పక్కనే, నల్లా పైపులకు పెట్టే లప్పంతో చిన్న రంధ్రం మూసి ఉంది, పైన నల్ల రంగు. ఆ లప్పం మీద బొటనవేలి గుర్తు. గోరు నడుమ చీలిన గుర్తు. బొగ్గు టబ్బు అంచు పడి చీలింది ఎవరి గోరు ఖాజా?

నీ ఇంటామె, నేను చెల్లె అని పిలిచే ముంతాజ్‌ను అడగడానికి మీ ఇంటికి పోయాను. చెప్పింది. మంచం పట్టిన కొత్తలో, పక్కింటివాళ్లు కట్టుకుంటున్న గోడ దగ్గర ఇసుక తెప్పించుకున్నావట. చాయ్ జల్లెడతో దాన్ని జల్లించావట. దమ్ము ఆడక రెండు పిడికిళ్లకే పడుకునేవాడివట. జల్లెడ పాడు చేశావని ఆమె తిట్టిందట. ఇప్పుడు ఆ జల్లెడను దాచుకుంది. చాయ్ మాత్రం వేరేదాంతో పోసింది నాకు.

ఎందుకు చేశావు?

అసలుది నీ కొడుకుకు మిగలాలని నాకు ఇసుక నింపి ఇచ్చావా? అట్లే అయితే నీ నోటితో చెప్పు. కొడుక్కి ఇచ్చుకుంటే ఎవడు కాదంటాడు? కానీ ఇవ్వొద్దనుకుంటే మాటే ఇవ్వకుండా ఉండేవాడివి. నేనేం నీ మంచం దగ్గర చేయి చాపి కూర్చోలేదు.

లేకపోతే... నేను రేపు అందరి ముందు తట్టుతానని, నా చెవి తప్పు చెబుతుందని నీకు తెలుసా? రెక్కలవాడిని నింపితే నేను డొల్ల అన్న పాత మాట తప్పవుతుందని, ముసుగువాడిని గట్టిగా పలికించావా?

ఎన్నేండ్లుగా తెలుసు నీకు? నేను రెక్కలవాడిని పట్టుకుని డొల్ల డొల్ల అంటుంటే, లోపల నవ్వుకున్నావా? లేదంటే ఆ ఒక్క దినం కప్పు కూలిందని, నా చెవికి అన్నింటికీ తల ఊపావా? నేను చిన్న పిల్లవాడినా? ఒక్కసారి నా మొఖం మీద చెప్పొద్దా, పోశన్నా, బాయి వేరు బొమ్మ వేరు అని? కోపం వచ్చేది. రెండు దినాలు మాట్లాడకపోయేవాడిని. మూడో దినం మళ్లీ వచ్చి కూర్చునేవాడిని కదా, ఎక్కడికి పోతాను?

కరీంనగర్‌వాడి ముందు పోయిన నా పరువు కంటే ఇదే ఎక్కువ కాలుతోంది ఖాజా. వాడెవడో నాకేంటి. నువ్వు నాకు అబద్ధం ఆడావు. దమ్ము లేని ఒంటితో, జల్లెడ పట్టుకుని, అంత కష్టపడి ఆడావు. తిట్టాలంటే నోరు రావడం లేదు. మెచ్చుకోవాలంటే అసలే రావడం లేదు.

ఇసుక ఊడ్చేస్తానని కోడలు చీపురు తెచ్చింది. ఆమె మీద గట్టిగా అరిచాను. కాగితం మీదికి ఎత్తుకుని, పొట్లం చుట్టి, ఊడిన భుజంలోంచి మెల్లగా మళ్లీ పోశాను. మధ్యమధ్యన నేలకు తట్టుతూ పోశాను, నువ్వు చెప్పేవాడివి కదా, కుదురుకోవాలని. చేయి అతికించి, చుట్టూ లప్పం పెట్టాను. సున్నంలో కలిసిపోయిన రవ్వలు కొన్ని పోయాయి, అవి నా లెక్కలో రాసుకో.

ముసుగువాడు ముందు అర్రలో, గూట్లో ఉన్నాడు. ఇంటికి వచ్చినవాళ్లకు అసలుదే అని చెబుతున్నాను. ఎవడన్నా నవ్వితే చాయ్ ఇవ్వను.

నేను వచ్చినప్పుడు ఈ సంగతి తేల్చుకుంటాను. ముందు నిన్ను తట్టి చూసి, తర్వాతే సలాం చెబుతాను. అప్పటిదాకా జవాబు తయారుగా పెట్టుకో.

లప్పం ఆరకముందే నేను కూడా గుర్తు పెట్టాను. నీ వేలి మీద కాదు, జర పక్కన. నాకు సంతకం వచ్చని నీకు తెలుసు. అయినా అక్కడ బొటనవేలే పెట్టాను.

పోశయ్య