అనసూయ అన్న పేరు

అనసూయా,

నీ సంవత్సరీకం అయిన వారానికి మనవరాలికి బారసాల చేశారు. పళ్లెంలో బియ్యం పోసి, పేరు రాయమని కొడుకు ఉంగరం నా చేతికిచ్చాడు. నీ పేరు రాయబోతే కోడలు ఆపింది.

“ఆ ముసలి పేరొద్దు మావయ్యా. జ్వియాంశి అని రాయండి. సంస్కృతమే. దేవతల వెలుగని ఫోన్లో ఉన్నాది.”

నలభై ఏళ్లుగా ఊరూరా పురాణం చెబుతున్నాను. ఏ నిఘంటువులోనూ ఆ మాట లేదు. వినడానికే రోత పుట్టింది. అనసూయ అంటే అసూయ లేనిదని, త్రిమూర్తులను పసివాళ్లను చేసి పాలిచ్చిన అత్రి మహర్షి ఇల్లాలి పేరని పేరంటాళ్ల ముందే గొంతు చించుకున్నాను. ఇలాంటి అర్థాలు అమ్ముకునేవాళ్ల నోట పురుగులు పడాలన్నాను.

కొడుకు మెల్లగా అడిగాడు. “అంత గొప్ప పేరైతే, అమ్మని ఒక్కనాడైనా ఆ పేరెట్టి పిలిసినావేటి నాన్నా? ఎప్పుడూ ఒసే అనే కదా.”

శ్రీకూర్మంలో, గరివిడిలో మైకు పట్టి కీర్తించిన పేరు ఇంట్లో నా నోట రాలేదు. అప్పటిదాకా కోడలి మీదున్న రోత నా మీదికి తిరిగింది.

వాళ్లు చెప్పిన పేరే రాసి, పాప చెవిలో మూడుసార్లు పిలిచాను. అర్థం లేని ఆ పేరుకే పిల్ల నావైపు తిరిగి చూసింది. పేరు పెట్టి పిలిస్తే నువ్వెలా చూసేదానివో నాకు తెలియకుండానే పోయింది.