యువరాజు తలపాగా కట్టింది నువ్వే

మునెప్పన్నా,

నువ్వు పోయి ఏళ్లయింది, చదవవని తెలిసే రాస్తున్నాను. కృష్ణగిరిలో పాత ఫోటోలు పెట్టారంటే వెళ్లాను. నిన్నూ, మరి నలుగురు పనివాళ్లనూ వెంటబెట్టుకుని యువరాజు లండనులో ఓడ దిగిన ఫోటో ఉంది. కింద ఆయన పేరొక్కటే రాశారు.

"పరదేశంలోనూ తలపాగా ఆయనే కట్టుకునేవారంట" అన్నాడు ఫోటోలు చూపించేవాడు.

నాకు ఒళ్లు మండింది.

"కట్టింది మా అన్న. ఆయప్పది ఎడంచెయ్యి వాటం. మడత ఎట్ల ఎడమకు పోయిందో చూడప్పా" అని వేలు పెట్టి చూపించాను.

"ఫోటో ముట్టుకోవద్దు తాతా!"

"రాజు తలనే ముట్టినాడు మా అన్న. నేను ఫోటో ముట్టగూడదా?"

నాకు వచ్చిన నాలుగక్షరాలతో చీటీ మీద నీ పేరు రాసి, మూటలోని సంగటి చిదిమి, ఫోటో కింద అంటించి వచ్చాను.

పీకేస్తే రేపు మళ్లీ పోతాను. మనింట్లో సంగటికి కరువు లేదు.

నీ తమ్ముడు