ఎడమ కొమ్ము

2023 జూలై 2, ఆదివారం

ఐలేశం సార్ మా పాట మొత్తం కళ్లు మూసుకుని విన్నాడు. తెరిచాక రమ గొంతు బంగారం అన్నాడు, రాగం బంగారం అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, గిటారే జర పలచగున్నది బిడ్డా, నీళ్ల మజ్జిగ లెక్క, అన్నాడు.

పాలమూరులో ఆయన స్టూడియో అంటే ఒకే గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, వెనక పెద్ద రంగుల బోర్డు మీద ఛానల్ పేరు. జానపదాలు తీసి యూట్యూబ్‌లో పెడతాడు. ఆయన పెట్టిన పాట పెళ్లి డీజేల దాకా పోతుంది. అందుకే రెండు బస్సులు మారి వెళ్లాం. రాగం మా అవ్వది, మందను మళ్లించేటప్పుడు తీసే కూనిరాగం. మాటలు నేనూ నా దోస్తు రమా కూర్చుని కట్టాం. గిటార్ మొత్తం నాది.

జూలై 30న రికార్డింగ్. అప్పటికి సౌండ్ రాకపోతే పట్నం నుంచి గిటార్ కొట్టే ఒకాయనను పిలిపిస్తాడట. ఆడపిల్ల చెయ్యి గదా, గంత బలం యాడికెళ్లి వస్తది, అన్నాడు. పైగా నేను ఎడమ చేత్తో వాయిస్తాను. వీడియోల జూస్తే అంతా తిరగబడ్డట్టు కొడతది అని నవ్వాడు.

ముప్పై కిలోల గొర్రెను కాళ్లు పట్టి పండబెడతాను ఈ చేత్తో. బలం లేదట.

జూలై 3

నిన్నటి కోపం ఇంకా దిగలేదు.

చిన్నప్పుడు ఎడమ చేత్తో ముద్ద కలిపితే అవ్వ మణికట్టు మీద కొట్టేది. ఆ చెయ్యి పెట్టకే పాడుదానా, నలుగుట్ల ఇజ్జత్ పోతది, అనేది. ఒకటో తరగతిలో పంతులు ఆ చేతిని లంగా బొందుతో నడుముకు కట్టేశాడు. అన్నం, రాత కుడిచేతికి మారాయి. గిటార్ మాత్రం ఎవరూ నేర్పలేదు కాబట్టి ఎవరూ మార్చలేకపోయారు. హాస్టల్ సీనియర్ అమ్ముకుంటే కొన్నాను. తీగలన్నీ విప్పి తలకిందులుగా కట్టాను. లావు తీగలు గాడిలో పట్టకపోతే బాపు ఆకురాయితో గాడిని నేనే వెడల్పు చేశాను.

ఇవాళ ఫోన్‌లో రికార్డ్ చేసుకుని పదిసార్లు విన్నాను. ఐలేశం సార్ చెప్పింది సగం నిజం. సౌండ్ పలచనే. కానీ కారణం చెయ్యి కాదు, పిక్, తీగ మీటే బిళ్ల. గిటార్‌తో పాటు ఊరికే వచ్చిన 0.46 మిల్లీమీటర్లది. తీగను తాకగానే వంగి టక్కుమంటుంది. తీగ కంటే ముందు ప్లాస్టిక్కే వినబడుతోంది.

జూలై 5

దేవరకద్రలో నేను పనిచేసే జిరాక్స్ సెంటర్‌లో ప్లాస్టిక్‌కు కొదవ లేదు. పాడైన ఐడీ కార్డులు, లామినేషన్ ముక్కలు, ఎవరో వదిలేసిన ఏటీఎం కార్డు. అన్నిటినీ పిక్‌లుగా కత్తిరించాను. ఏటీఎం కార్డు పర్వాలేదనిపించింది. గంట వాయించేసరికి అంచు ఎలుక కొరికినట్టయింది. తీగల మీద తెల్లటి పొడి.

జూలై 8, శనివారం

పాలమూరులో మ్యూజిక్ షాప్. ఎడమ చేత్తో పట్టుకునేసరికి షాపాయన ముఖం మాడ్చుకుని, కొనేటిది ఉంటెనే ముట్టు, అన్నాడు. పంతానికి నాలుగు కొన్నాను.

0.73: తీగలన్నీ కలిపి కార్డ్స్ కొట్టడానికి సుఖంగా ఉంది. ఒక్కో తీగ మీటితే మళ్లీ పలచనే.
నైలాన్: మెత్తగా పలుకుతుంది. చెమటకు జారి గిటార్ కడుపులో పడింది. గిటార్‌ను తిరగేసి ఊపుతుంటే రమ నవ్వీ నవ్వీ దగ్గింది.
1.5: రాయి. అవ్వ రాగంలో జీర ఉంటుంది, జారుడు ఉంటుంది. ఇది ప్రతి స్వరానికీ మేకు కొడుతుంది.

జూలై 11

1.14 కూడా కాదు.

జూలై 13

బాపు మాట్లాడేదే తక్కువ. ఇవాళ దొడ్డి ఊడుస్తూ ఆగి విన్నాడు. గోటితోని మీటినప్పుడు మంచిగుండె, గా బిళ్లలు పెట్టినంక పానం పోయింది, అన్నాడు.

నిజమే. గోరు సౌండే వేరు. కానీ నా గోరు స్టీలు తీగ మీద రెండు పాటలకు మించి నిలవదు. గోరులా పలకాలి, గోరులా విరగకూడదు. అనుకుంటూ తలెత్తితే ఎదురుగా దొర కొమ్ములు.

దొర మా పొట్టేలు. నల్లటిది. పదేళ్లు మంద ముందు నడిచింది. రెండేళ్ల కింద ముసలితనంతో పోతే అవ్వ దాన్ని కోయనివ్వలేదు, అమ్మనివ్వలేదు. పాతిపెట్టి కొమ్ములు మాత్రం తీయించి దొడ్డి గుంజలకు ఒకటి ఇటు, ఒకటి అటు నల్లదారంతో కట్టింది. దొర కొమ్ములు ఉన్నన్నాళ్లు రోగం లోపలికి రాదని ఆమె నమ్మకం.

కొమ్ము కూడా గోరు లాంటిదే కదా.

జూలై 14

అవ్వ గడ్డికి పోయిన టైమ్ చూసి ఎడమ గుంజ మీది కొమ్ము కొస కోశాను. అడగలేదు. అడిగితే ఇవ్వదని తెలుసు, అందుకే అడగలేదు. ఇక్కడైనా అబద్ధం రాయను.

యాక్సా బ్లేడు ఆడుతుంటే వెంట్రుకలు కాలిన కంపు. కోసిన చోట పసుపు రాసిన గుడ్డ చుట్టాను, ఎప్పటిదో అన్నట్టు.

జూలై 16

కొస లోపల గట్టిగానే ఉంది. నీళ్లలో మరగబెడితే మెత్తబడింది. చీల్చి, రెండు బండల మధ్య పెట్టి అణిచాను. మొదటి ముక్క పొరలు పొరలుగా లేచింది. రెండోది ఎండకు వంకర పోయింది. మూడోది నిలిచింది.

ఆకురాయి, తర్వాత సాండ్ పేపర్, చివరికి పాత గొంగడి ముక్క. గొర్రె బొచ్చు రుద్దేకొద్దీ కొమ్ము మెరిసింది. నల్లటి దాంట్లో తేనెరంగు గీత ఒకటి బయటపడింది.

చేతి వేడికి వేళ్లకు అతుక్కుంటుంది, జారదు. తీగ మీద వేశాను.

అవ్వ గొంతులో జీర ఉంది చూశారా, అది వచ్చింది. ఎవరిని చూశారా అంటున్నాను. ఎవరూ లేరు. వచ్చింది!

జూలై 19

రోజుకు మూడు గంటలు. పిక్ అరుగుతోంది, కానీ కొరికినట్టు కాదు. నా చేతి వాలుకు ఒక పక్క ఏటవాలుగా నున్నబడుతోంది. అరిగేకొద్దీ సౌండ్ బాగుపడుతోంది. ప్లాస్టిక్‌కు ఈ బుద్ధి లేదు.

రమకు ఫోన్‌లో వినిపించాను. ఇగ ఆ పట్నపాయనను రానియ్యి జూద్దాం, అన్నది.

జూలై 22, శనివారం

మూడు గొర్రెపిల్లలు చచ్చాయి. అన్నీ బలిసినవే. పొద్దున ఎగిరిన పిల్ల మధ్యాహ్నానికి కాళ్లు కొట్టుకుని పడిపోయింది.

అవ్వ దొడ్డి అంతా తిరిగింది. గుంజ దగ్గర ఆగి గుడ్డ విప్పింది. కొస లేని కొమ్మును చూసింది. నా గిటార్ బ్యాగ్ విదిలించింది. పిక్ కింద పడింది. అడగాల్సిన పని లేకపోయింది.

చీపురు విసిరింది. నేను పరిగెత్తుతున్నా గురి తప్పలేదు, సరిగ్గా చెవి మీద తగిలింది. మందను కాసినోని కొమ్ము కోస్తివి కదనే, పిల్లలను మింగితివి కదనే, అని ఏడ్చింది.

ఆ పూట నేనూ నమ్మాను. ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నిజంగా నమ్మాను.

జూలై 23, ఆదివారం

కులపెద్ద దుర్గయ్య వచ్చాడు, వెంట ఇద్దరు. తీర్పు వాళ్లు దారిలోనే తెచ్చుకున్నారు. కొమ్ము ముక్కను మళ్లీ కొమ్ముకు కట్టాలట. గిటార్‌ను బీరప్ప గుడి దగ్గర పెట్టి, ఇక ముట్టనని దండం పెట్టాలట. ఆడపిల్లకు గా వాయిద్యమెందుకు, గదీ పుర్ర చేత్తోని, అన్నాడు దుర్గయ్య.

అప్పటిదాకా తల వంచుకునే ఉన్నాను. ఆ చివరి మాటకు తల లేచింది.

పశువుల డాక్టర్ పొద్దున్నే వచ్చి చూసి పోయాడని చెప్పాను. చిటుకు రోగం. వానలకు మొలిచిన లేతగడ్డి ఆశగా మేసిన పిల్లలకు వచ్చేది. టీకా వానలకు ముందే వేయించాలి. మాది వేయలేదు. కొమ్ము అడగకుండా కోసినందుకు అవ్వ కాళ్లు పట్టుకుంటాను, పిల్లలు చచ్చినందుకు పట్టుకోను, అన్నాను. గిటార్ ఎక్కడా పెట్టను అన్నాను.

దుర్గయ్య బాపు వైపు చూశాడు. బాపు లేచి, టీకాలేసిన నాడు నేను మందతోని వాగవతల ఉన్న, కబురొచ్చినా రాలే, తప్పు నాది, పిల్లదానిది కాదు, అన్నాడు. నా జన్మలో బాపు ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడటం ఇదే. దుర్గయ్య చాయ్ కూడా తాగకుండా పోయాడు.

తర్వాత అవ్వ కాళ్లు పట్టుకున్నాను. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది.

జూలై 26

వాన. మిగిలినవాటికి టీకాలు అయ్యాయి. ఇంకేమీ చావలేదు. అవ్వ విరిగిన కొమ్ముకు తాయెత్తు కట్టింది కాబట్టి చావలేదంటోంది. అదీ నాతో కాదు, మేకతో చెబుతోంది. అనుకోనీ.

జూలై 29

అవ్వ ఇంకా మాట్లాడటం లేదు. రేపే రికార్డింగ్. కోపం వస్తే రానీ, నేను పోతున్నాను.

జూలై 30, ఆదివారం, రాసుకోవాల్సింది చాలా ఉంది

మేం వెళ్లేసరికే పట్నం ఆయన కూర్చుని ఉన్నాడు. ముందే పిలిపించేశాడన్నమాట. ఐలేశం సార్ నా ముఖం చూడకుండా, వచ్చిండు గదా, ఊకె పంపుతె ఏం బాగుంటది, అన్నాడు. ముందు నన్ను వినమన్నాను. వినకపోతే రమ పాడదు అన్నాను. రమ నన్ను అడగకుండానే తల ఊపింది.

వాయించాను. చెయ్యి ముందు చల్లగా ఉంది, పల్లవి అయ్యేలోపు పిక్ వేడెక్కింది. చరణం దగ్గర అవ్వ రాగం జారేచోట తీగ కూడా జారింది. అయిపోయాక పట్నం ఆయన తన హెడ్‌ఫోన్స్ మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

ఐలేశం సార్ ముఖం వెలిగిపోయింది. నా చేతిలోంచి పిక్ తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. అబ్బ, ఇదీ మాల్ అంటే, అన్నాడు. దాన్ని పట్నం ఆయనకు ఇచ్చి, ఇగ మీరు కొట్టున్రి సార్, అన్నాడు.

నెల రోజులు. అవ్వ మాటలు పోగొట్టుకున్నాను. కులపెద్ద ముందు నిలబడ్డాను. ఈయనకు వినబడింది పిక్ ఒక్కటే.

లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. కొట్టమనండి సార్, అన్నాను.

ఆయన తన గిటార్ మీద కొట్టాడు. గర్రుమంది. పట్టు మార్చి కొట్టాడు. మళ్లీ గర్రు. మంచి వాయిద్యగాడే పాపం, చెమట పట్టింది. పిక్ అరిగింది నా చేతి వాలుకు. కుడిచేత్తో కొడితే నున్నటి పక్క గాలికి పోయి, పదునున్న పక్క తీగను గీరుతుంది. తిప్పి పట్టుకుంటే మొన తీగ వైపు కాక అరచేతి వైపు పోతుంది. ఆయనకు అర్థమైంది. దాన్ని రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చి, ఇది ఈమె చేతికే పలుకుద్దండీ, నన్ను బస్సెక్కించండి, అన్నాడు.

ఐలేశం సార్ అంతటితో ఊరుకోలేదు. సరే నువ్వే కొట్టు, వీడియోను ఎడిటింగ్‌ల తిప్పేస్త, కుడిచేత్తోని కొట్టినట్టే కనబడతది, అన్నాడు.

వెనక గోడ మీద బోర్డు చూపించాను. తిప్పితే మీ ఛానల్ పేరు కూడా తిరగబడుతుంది సార్, అన్నాను. రమ నవ్వు ఆపుకోలేక మైకు వదిలి బయటికి పరిగెత్తింది.

ఎడమ చేత్తోనే తీశారు. రెండు టేకులు. రెండోది ఉంచారు.

ఆగస్టు 5

పాట వచ్చింది. కింద కామెంట్లలో ఒకడు ఈ పిల్లకు గిటార్ పట్టుకోవడం రాదని రాశాడు. వాడికి రమ ఇచ్చిన జవాబు ఇక్కడ రాయలేను.

బాపు ఫోన్‌ను గొంగట్లో పెట్టుకుని మందకు వినిపించాడట. అవ్వ చూడలేదు. ఫోన్ ఇటు తిప్పితే ముఖం అటు తిప్పుతోంది.

ఆగస్టు 6, ఆదివారం సాయంత్రం

అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. నా రాగం గా కట్టెల ఎట్ల వలుకుతదో జూస్త, ఇయ్యి, అన్నది. గిటార్ ఒళ్లో పెట్టాను. ఎవరు తీసుకున్నా ముందు దాన్ని అటు తిప్పి, తీగలు తలకిందులుగా ఉన్నాయే అంటారు. అవ్వ తిప్పలేదు. పిక్ చాపితే ఎడమ చెయ్యి వచ్చి అందుకుంది. ఒకసారి మీటింది. నాకైతే సక్కగనే ఉన్నది గదనే, అన్నది.

ఆ రోజు చీపురు ఏ చేత్తో విసిరిందో ఇప్పుడు గుర్తొచ్చింది.